మీ పడవ, మీ ఇష్టం

కొత్త ప్రధాని మొదటిసారి ఆ ఇంటి గడప దాటేటప్పుడు సిబ్బందంతా నడవాకి రెండువైపులా నిలబడి చప్పట్లు కొట్టడం లండన్ డౌనింగ్ స్ట్రీట్ ఆనవాయితీ. మాగ్నస్ ఇస్బిస్టర్ వచ్చిన మంగళవారం ఉదయం మాత్రం ఎవరికీ చేతులు లేవలేదు. పాత ప్రధాని పోయి రెండు రోజులే అయింది. ఆయన గొడుగు ఇంకా తలుపు పక్కన స్టాండులోనే ఉంది. వంటావిడ ఒక్కతే అలవాటుకొద్దీ రెండు చప్పట్లు కొట్టి, పక్కవాళ్ళెవరూ కలవకపోయేసరికి ఆ చేతుల్నే ఏప్రన్‌కి తుడుచుకుంది. మాగ్నస్ ఆవిడ దగ్గర ఆగి, మెల్లగా థాంక్స్ చెప్పి ముందుకు నడిచాడు.

ముందురోజు మధ్యాహ్నం దాకా అతను చేపల శాఖ మంత్రి. మంత్రివర్గ సమావేశాల్లో అతని కుర్చీ బల్లకి చిట్టచివర, తలుపు సందులోంచి చలిగాలి కొట్టే చోట ఉండేది. ఏడాదికి రెండుసార్లు మాట్లాడేవాడు, రెండుసార్లూ హెర్రింగ్ చేపల గురించే. అతను గొంతు సవరించుకోగానే మిగతా మంత్రులు గడియారం చూసుకునేవాళ్ళు. అలాంటి మనిషి ప్రధాని అవడంలో అతని ప్రయోజకత్వం వీసమెత్తు లేదు. ఆదివారం ఉదయం గైల్స్ పెంబర్టన్ టీ తాగుతూ తాగుతూ బల్ల మీదికి వాలిపోయాడు. ఆయన కుర్చీ కోసం ఆర్థికమంత్రీ విదేశాంగమంత్రీ ఒకటిన్నర రోజు కుమ్ముకున్నారు. ఒకరికి దక్కితే రెండోవాళ్ళు రాజీనామా చేస్తామని కూర్చున్నారు. చివరికి ఆ ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఒకటే. మాగ్నస్ అయితే గొడవ సద్దుమణిగాక దింపెయ్యడం తేలిక. అంత పెద్ద దేశాన్ని అంత చిన్న కారణంతో ఒక మనిషి చేతిలో పెట్టేశారు.

గొడవ సామాన్యమైంది కాదు. పది రోజుల కిందట ఉత్తర సముద్రంలో బ్రిటన్ యుద్ధనౌకా, అవతలి దేశం జలాంతర్గామీ గుద్దుకున్నాయి. ఎవరు ఎవర్ని గుద్దారన్నది ఎవరి కథ వాళ్ళది. అవతలివాళ్ళ మనుషులు డెబ్బైమంది నీళ్ళపాలయ్యారు. శుక్రవారం మధ్యాహ్నం లోపు తప్పు ఒప్పుకుని ఉత్తర సముద్రం ఖాళీ చెయ్యకపోతే అణు క్షిపణులు మాట్లాడతాయని వాళ్ళ అధ్యక్షుడు టీవీలో చెప్పాడు. ఆ మాట అన్నాక లండన్ దుకాణాల్లో పాలూ కొవ్వొత్తులూ దొరకడం మానేశాయి.

లోపలి గది తలుపు దగ్గర కేబినెట్ కార్యదర్శి ఫిలిప్పా వెన్నింగ్ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి, నెరిసిన జుట్టు కురచగా కత్తిరించుకుని, ఎప్పుడూ ఒకటే బూడిదరంగు కోటు. ఆవిడ చెయ్యి చాస్తే మాగ్నస్ తన ఫోన్ తీసి ఇచ్చాడు. దాన్ని గోడకున్న చెక్క అరలో పెట్టింది. లోపల పొడుగాటి బల్ల మీద నాలుగు తెల్ల కాగితాలు, రెండు కవర్లు, ఒక పెన్ను ఉన్నాయి. కిటికీ దగ్గర అడ్మిరల్ క్రాడక్ ఉన్నాడు. బయట వాన.

"కూర్చోండి సర్," అంది ఫిలిప్పా. "మిగతా పనులన్నీ ఆగుతాయి. ఇదొక్కటి ఆగదు. ఒంటిగంటన్నరకి విమానం వెళ్ళాలి."

"ఏం తీసుకెళ్ళాలి?"

"మీరు రాసే ఉత్తరం."

అడ్మిరల్ చెప్పడం మొదలుపెట్టాడు. నేవీవాళ్ళు జలాంతర్గామిని పడవ అనే అంటారు. అణు క్షిపణులు మోసే పడవలు నాలుగు. రెండు మరమ్మతులో ఉన్నాయి. ఒకటి సముద్రం అడుగున ఉంది, ఎక్కడుందో అడ్మిరల్‌కి కూడా తెలియదు. నాలుగోది ఆ రోజు సాయంత్రం నాలుగింటికి, ఆటుపోటు చూసుకుని, స్కాట్లాండ్ రేవు నుంచి బయల్దేరుతుంది. ప్రతి పడవలోనూ ఒక ఇనుప పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె, దాన్లో ప్రధాని తన చేత్తో రాసిన ఉత్తరం. లండన్ బూడిదై, ప్రధానీ పోయి, ఆజ్ఞలిచ్చే నాథుడు ఒక్కడూ మిగల్లేదని తేలాక కమాండర్ ఆ ఉత్తరం తెరుస్తాడు. అందులో ఏముంటే అది చేస్తాడు.

"అంటే ఇది నేను చచ్చిపోయాక ఇచ్చే ఆజ్ఞ," అన్నాడు మాగ్నస్.

"మీరూ, మేమూ, అందరం పోయాక సర్."

"టైపు చేయించకూడదా? నా రాత బాగోదు."

"చేతిరాతే ఉండాలి," అంది ఫిలిప్పా. "నకలు ఉండదు. మేం చూడం. మీకూ ఆ కమాండర్‌కీ మధ్య మూడో మనిషి లేడు. అందుకని కాస్త గుండ్రంగా రాయండి. సందేహం వస్తే అడగడానికి ఆయనకి మీరుండరు."

మాగ్నస్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ హాస్యం ఆడటంలేదు. ముప్ఫై ఏళ్ళు రేవుల్లో పనిచేసిన మనిషికి సముద్రం పెద్దదని ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ దాని అడుగున చీకట్లో నూటముప్ఫై మంది మనుషులు, ఒక పెట్టె, పెట్టెలో ఒక కాగితం, ఆ కాగితం మీద తన కోడిగీతలు. అరవై ఒక్క ఏళ్ళలో తను రాసిన అతిపెద్ద ఆజ్ఞ వల కన్ను ఎంత వెడల్పు ఉండాలన్నది.

"అడుగున ఉన్న పడవలో ఎవరి ఉత్తరం ఉంది?"

"పెంబర్టన్ గారిది," అన్నాడు అడ్మిరల్. "అది పైకి వచ్చేదాకా మార్చలేం. ఇంకో ఏడు వారాలు."

"ఆయన పోయాడు కదయ్యా."

"ఆయన మాట పోలేదు సర్. ఆ పడవకి ప్రధాని ఇంకా ఆయనే."

ఆదివారం పోయిన మనిషి ఆజ్ఞ ఆ నిమిషాన కూడా నీళ్ళ కింద తిరుగుతోంది. గుడిలో నిలబడ్డప్పుడు ఎంత భయభక్తులు కలుగుతాయో మాగ్నస్‌కి ఆ గదిలో అంతా కలిగింది. అతను క్రమం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి కాదు.

ఫిలిప్పా ఫైలులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. సాయంత్రం బయల్దేరే పడవలోంచి తెచ్చిన పాత ఉత్తరం. పెంబర్టన్‌దే. తెరవకుండా పక్కగదిలో ఉన్న కాగితాలు కత్తిరించే యంత్రంలో వెయ్యాలి. ఎప్పటినుంచో అదే పద్ధతి. ఏ ప్రధాని ఏం రాశాడో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

"తెరిస్తే?" అన్నాడు మాగ్నస్.

"మిమ్మల్ని ఆపే అధికారం నాకు లేదు. అడ్మిరల్‌కీ లేదు. ఈ ఉదయం నుంచి ఈ దేశంలో ఎవరికీ లేదు."

అతను కవరు చేతిలోకి తీసుకున్నాడు. పెంబర్టన్ మామూలోడు కాదు. పార్లమెంటులో లేచి నిలబడితే ఎదుటి పక్షం వాళ్ళు కూడా మెడలు సాచి వినేవారు. ఒకసారి నిండు సభలో, "మా చేపల మంత్రి గారు ఇవాళ ఎండలో ఎక్కువసేపు ఉన్నట్టున్నారు, కాస్త వాసనొస్తోంది," అని అందర్నీ నవ్వించాడు. మాగ్నస్ కూడా నవ్వాల్సి వచ్చింది. అంత తెలివైనవాడు ఏం రాసుంటాడు? చూసి రాసేస్తే సగం బరువు తగ్గుతుంది. తనకేం తెలుసని? చదువుకున్నవాడు రాసింది దిద్దుకుంటే తప్పేముంది?

అప్పుడు కవరు మీది రాత కనిపించింది. 'కమాండింగ్ ఆఫీసర్‌కి' అన్న ఒక్క మాట. మొదటి అక్షరం మూడుసార్లు దిద్ది ఉంది. చివర్లో చెయ్యి వణికి గీత కిందికి జారింది. పక్కన సిరా మరక, దాన్ని వేలితో తుడవబోతే ఇంకా పెద్దదైంది. పెంబర్టన్ బొటనవేలి ముద్ర అందులో ఉన్నదున్నట్టు ఉంది.

"ఎంతసేపు రాశారాయన?"

"మూడు రోజులు," అంది ఫిలిప్పా. "అప్పుడు ఏ గొడవా లేదు. అయినా మూడు రోజులు పట్టింది. నేను ఈ కాగితాలు నలుగురికి ఇచ్చాను సర్. సిద్ధంగా ఉన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు."

మాగ్నస్ లేచి పక్కగదిలోకి వెళ్ళాడు. యంత్రం చిన్నది, ఏ గుమాస్తా బల్ల పక్కనైనా ఉండేలాంటిది. కవరు దాని నోట్లో పెట్టాడు. గరగరమని ఒక్క క్షణం శబ్దం. ఒక మనిషి మూడు రోజులు నిద్ర మాని రాసింది అడుగున బుట్టలో దారాలై పడింది. ఇన్నాళ్ళూ తను కుళ్ళుకున్న మనిషి మీద అతనికి ఇప్పుడు జాలి, గౌరవం ఒకేసారి కలిగాయి. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"ఇంతకుముందువాళ్ళు ఏమేం రాసి ఉండొచ్చు?"

అడ్మిరల్ వేళ్ళు ముడిచి చెప్పాడు. "ఎదురు కొట్టమనొచ్చు. వద్దనొచ్చు. మిత్రదేశం నౌకాదళంలో కలిసిపొమ్మనొచ్చు. లేదంటే కమాండర్ విచక్షణకే వదిలెయ్యొచ్చు. మీకు ఏది సబబో అది చెయ్యండి అని."

ఆ ఆఖరి మాటకి మాగ్నస్ ప్రాణం తేలికపడింది. అదేదో ముందే చెప్పొచ్చు కదా అనిపించింది. రాజకీయాల్లోకి రాకముందు అతను షెట్లాండ్ దీవుల్లో చిన్న రేవుకి అధికారి. పొద్దున్నే గాలి ఎటు, అల ఎంత, తుఫాను ఎన్ని గంటల్లో అన్నవి పలకమీద రాసి పెట్టేవాడు. పడవల వాళ్ళు వచ్చి, వెళ్ళొచ్చా అని అడిగితే చెప్పే మాట ఒకటే. మీ పడవ, మీ ఇష్టం. అక్కడి రేవు అధికారులందరి మాటా అదే. పడవ నడిపేవాడికి చెయ్యి అడ్డుపెట్టడం అమర్యాద. సముద్రం మీదున్నవాడికి తెలిసినంత ఒడ్డునున్నవాడికి తెలియదు. ఇదీ అంతే కదా. అన్నీ కళ్ళారా చూసేవాడు కమాండర్. చచ్చిపోయిన మాగ్నస్‌కి ఏం తెలుస్తుంది?

రెండు నిమిషాల్లో రాసేశాడు. 'కమాండర్ గారికి, అప్పటి పరిస్థితి నాకంటే మీకే బాగా తెలుస్తుంది. మీ వివేకం మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. దయచేసి మీకు ఏది సబబనిపిస్తే అది చెయ్యండి.' చదువుకుంటే ఎంతో మర్యాదగా ఉంది. మడిచి కవర్లో పెట్టాడు. అంటించబోయి ఆగాడు.

"ఆయన పేరేంటి?"

అడ్మిరల్ ఇబ్బందిగా కదిలాడు. "పేర్లు వాడం సర్. ఆ రోజుకి కమాండర్ ఎవరైనా అవ్వచ్చు. పేరు తెలిస్తే మొహం తెలుస్తుంది. మొహం తెలిస్తే రాయలేరని పద్ధతి అలా పెట్టారు."

"పేరు తెలీకుండా నేనెప్పుడూ పడవని బయటికి పంపలేదయ్యా. ఒకసారి మాట్లాడించండి."

"ఇంతవరకూ ఏ ప్రధానీ అడగలేదు."

"ఏ ప్రధానీ రేవులో పడవలు పంపి ఉండడు. కలపండి."

అడ్మిరల్ ఫిలిప్పా వంక చూశాడు. ఆవిడ ఆకుపచ్చ టెలిఫోన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. అయిదు నిమిషాలకి లైను దొరికింది.

"ట్రెవర్రో మాట్లాడుతున్నాను." గొంతు చిన్నవయసుది. కార్న్‌వాల్ యాస.

"నేను మాగ్నస్ ఇస్బిస్టర్‌ని. నిన్నటిదాకా చేపలు చూసుకునేవాణ్ణి."

"తెలుసు సర్. మా నాన్నకి న్యూలిన్‌లో పడవ ఉండేది. మీరు మాకెరెల్ చేపల కోటా తగ్గించినప్పట్నుంచీ మా ఇంట్లో మిమ్మల్ని తలుచుకోని పూట లేదు."

"తిట్టుకుంటూ?"

"ప్రార్థన కంటే ముందు అదే సర్."

మాగ్నస్ నవ్వాడు. ఆ రోజు అదే మొదటిసారి. "ఇంట్లో ఎవరున్నారు బాబూ?"

"మా ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి తొమ్మిది, చిన్నదానికి ఆరు. రేవుకి రెండు మైళ్ళలో ఇల్లు."

రేవుకి రెండు మైళ్ళు. బాంబులు పడితే మొదట పడేది ఎక్కడో ఇద్దరికీ తెలుసు. ట్రెవర్రోనే ముందు మాట్లాడాడు.

"సర్, నేను అడగకూడనిది ఒకటి అడుగుతాను. అడ్మిరల్ గారు పక్కనే ఉంటే నన్ను క్షమించాలి."

"అడుగు."

"ఆ ఉత్తరం నేను తెరిచానంటే, అప్పటికి ఆ ముగ్గురూ లేరని అర్థం. నా కుర్రాళ్ళ ఇళ్ళలో కూడా ఎవరూ ఉండరు. ఆ రోజు నేను ఎలాంటి మనిషిగా ఉంటానో నాకే తెలీదు. కొట్టమని రాస్తే కొడతాను. వద్దని రాస్తే ఆగుతాను. నేర్చుకుంది అదే, చేస్తాను. కానీ నీ ఇష్టం అని మాత్రం రాయకండి సర్. ఆ రోజున్న ఆ మనిషి చేతిలో ప్రపంచాన్ని పెట్టకండి. వాడి మీద నాకు నమ్మకం లేదు."

మాగ్నస్ కుడిచెయ్యి కవరు మీద ఉంది. దాన్ని అక్కడినుంచి తీయలేకపోయాడు.

"ఏం రాశారో నాకు చెప్పద్దు," అన్నాడు ట్రెవర్రో. "నిర్ణయం నాదా మీదా అన్నది ఒక్కటి తెలిస్తే చాలు. పడవలో నిద్ర పడుతుంది."

"బయల్దేరేలోపు కబురు పంపిస్తాను," అన్నాడు మాగ్నస్.

అడ్మిరల్ ఇంకా కిటికీలోంచి వాన చూస్తున్నాడు. గడియారం పన్నెండూ పది. మాగ్నస్ కవరు తీసి, ఉత్తరంతో సహా ముక్కలుముక్కలుగా చింపాడు.

పాతికేళ్ళ కిందట ఒక నవంబరు ఉదయం రాబీ మౌవట్ రేవు ఆఫీసుకొచ్చాడు. రాబీ వేరే ఎవరో కాదు, మాగ్నస్ భార్య థోరాకి సొంత తమ్ముడు. తుఫాను ఆరు గంటల దూరంలో ఉంది, వెళ్ళి రావచ్చా బావా అని అడిగాడు. వెళ్ళకూడదని మాగ్నస్‌కి తెలుసు. ఎర్ర దీపం వెలిగించి రేవు మూసేసే అధికారం అతనికి ఉంది. మూస్తే ఊళ్ళోవాళ్ళందరూ తిడతారు, ఆ రోజు వేట పోతుంది, బావమరిది ముందు పెత్తనం చేసినట్టుంటుంది. మీ పడవ, మీ ఇష్టం అన్నాడు. అయిదుగురు వెళ్ళారు. పడవ చెక్క ఒకటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. విచారణకి వచ్చిన పెద్దమనిషి, అధికారి తప్పేమీ లేదు, నియమం ప్రకారమే చెప్పాడు అని రాసి వెళ్ళాడు. థోరా ఆ రోజు గురించి ఒక్క మాట అనలేదు. పాతికేళ్ళలో ఒక్క మాట కూడా. భోజనాల బల్ల దగ్గర రాబీ కూర్చునే కుర్చీని మాత్రం గోడవారకి జరిపి, అందులో ఎవర్నీ కూర్చోనివ్వదు.

"నేను ఇంటికి ఫోన్ చేసుకోవాలి," అన్నాడు మాగ్నస్. ఫిలిప్పా అరలోంచి అతని ఫోన్ తెచ్చి ఇచ్చి, అడ్మిరల్‌ని తీసుకుని బయటికి వెళ్ళి తలుపు వేసింది.

"ఏమయ్యా, ప్రధాని పని అయిపోయిందా అప్పుడే," అంది థోరా. వెనక గాలి చప్పుడు, గొర్రెల అరుపులు. "టీవీలో నీ టై వంకరగా ఉంది. ఆ ఊళ్ళో సరిచేసేవాళ్ళు ఒక్కరూ లేరా?"

"థోరా, ఒకటి అడుగుతాను. కోపం తెచ్చుకోకు."

"అడిగాక చూద్దాం."

"ఆ రోజు నేను రేవు మూసేసి ఉంటే రాబీ ఏం చేసేవాడు?"

అవతల ఆవిడ గొర్రెల దొడ్డి గేటు వేసిన చప్పుడైంది.

"తిట్టేవాడు," అంది థోరా. "నీ ఏడు తరాల్నీ తిట్టేవాడు. పది రోజులు మన గుమ్మం తొక్కేవాడు కాదు." కాస్త ఆగింది. "పదకొండో రోజు భోజనానికి వచ్చేవాడు."

మాగ్నస్ కళ్ళు మూసుకున్నాడు. చెంపల మీద తడి జారుతుంటే తుడుచుకోలేదు.

"పాతికేళ్ళు పట్టిందా అడగడానికి?" అంది థోరా. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఎందుకడిగావో చెప్పక్కర్లేదు. నువ్వు అక్కడేదో తేల్చుకోలేక నలుగుతున్నావు. తేల్చు. ఈసారి ఇంకొకడి నెత్తిన పెట్టకు. టై సరిచేసుకో."

ఆవిడే ఫోన్ పెట్టేసింది.

మాగ్నస్ కొత్త కాగితం ముందుకు లాక్కున్నాడు. అవతలి దేశపు ఉత్తర తీరంలో కూడా రేవులుంటాయి. అక్కడా ఎవడో ఒకడు పొద్దున్నే లేచి పలకమీద గాలి, అల రాస్తుంటాడు. వాడికి ఈ గొడవలో ఎంత భాగముందో తనకీ అంతే. రేపు లండన్ పోతే వాడు పోవడం వల్ల లండన్ తిరిగి రాదు. ఇది పెద్ద చదువుల వాదన కాదని అతనికి తెలుసు. అడ్మిరల్‌తో అంటే పది జవాబులు చెబుతాడు. ఎదురు కొడతామన్న భయం ఉంటేనే అవతలివాడు ఆగుతాడని అంటాడు, అదీ నిజమే. కానీ ఈ కాగితం తెరిచేసరికి ఆ భయం పనిచెయ్యకుండా పోయి ఉంటుంది. అప్పటికి మిగిలేవి ఒక పడవ, ఒక కమాండర్, ఒక ఆజ్ఞ. పెన్ను తీసుకుని, బడిపిల్లాడిలా ఒక్కో అక్షరం గుండ్రంగా దిద్దుతూ రాశాడు.

'కమాండర్ గారికి,

ఈ ఉత్తరం చదువుతున్నారంటే నేను లేను. మీరు బయల్దేరిన రేవూ లేదు. దాన్ని కాపాడటం నా పని, నాకు చేతకాలేదు. అందులో మీ తప్పు లేదు.

నేను చాలాకాలం రేవు అధికారిగా పనిచేశాను. ఇప్పుడు ఈ రేవు మూసేస్తున్నాను. మీ పడవలోంచి ఒక్క క్షిపణి కూడా బయటికి పోకూడదు. మీ మనుషుల్ని బతకడానికి వీలున్న ఒడ్డుకి చేర్చండి.

ఇది సలహా కాదు, ఆజ్ఞ. తిట్టుకోవాలనిపిస్తే నన్ను తిట్టుకోండి. మీ ఇష్టానికి ఇందులో నేనేమీ వదల్లేదు.'

సంతకం పెట్టి, మడిచి, కవరు మీద 'కమాండింగ్ ఆఫీసర్‌కి' అని రాసేటప్పుడు సిరా చుక్క ఒకటి జారింది. వేలితో తుడవబోయి, పెంబర్టన్ గుర్తొచ్చి ఊరుకున్నాడు. కవరు అంటించి చూసుకుంటే ఒంటిగంటా ఇరవై. అంత తేలికైన కాగితం చేతిలో ఇంత బరువుగా ఉంటుందని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఈ భూమ్మీద ఆ మాటలు తెలిసినవాడు తను ఒక్కడే. రాజుగారికి తెలియదు, సేనలకి తెలియదు, ఇంట్లో భార్యకి తెలియదు. అతనికి భయం వేసింది. భయంతో పాటు, చిన్నప్పుడు మొదటిసారి ఒడ్డు కనిపించనంత దూరం వెళ్ళినప్పుడు కలిగిన ఆశ్చర్యం కూడా కలిగింది.

ఫిలిప్పా వచ్చి రెండు చేతులతో కవరు తీసుకుంది. ఏమీ అడగలేదు. సిరా మరక చూసి మాత్రం తల పంకించింది.

మూడూ ముప్పావుకి మాగ్నస్ అడ్మిరల్‌ని పిలిచాడు. "ట్రెవర్రోకి ఒక్క మాట పంపించండి. 'నాదే' అని."

"నాదే? అంతేనా సర్?"

"అంతే. ఆయనకి తెలుస్తుంది."

నాలుగింటికి జవాబు వచ్చింది. 'అందింది. థాంక్యూ సర్. బయల్దేరుతున్నాం.' అడ్మిరల్ ఆ కాగితం చదివి, ప్రధాని వంక చూసి, మళ్ళీ కాగితం వంక చూసి, అడగకుండా జేబులో పెట్టుకున్నాడు. వంటావిడ చీజ్ శాండ్‌విచ్ తెచ్చింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

శుక్రవారం మధ్యాహ్నం గడువు వచ్చింది, దాటింది. ఆ మూడు రోజులూ మాగ్నస్ అవతలివాళ్ళతో కోటాలు బేరమాడినట్టే బేరమాడాడు. మీ డెబ్బైమంది పేర్లు పంపండి, మా చర్చిల్లో చదివిస్తాం అన్నాడు. అంతకుముందు వాళ్ళని ఎవరూ అలా అడగలేదు. పేర్లు వచ్చాయి. గడువు మొదట ఒక రోజు జరిగింది, తర్వాత వారం, తర్వాత ఎవరూ దాని ఊసెత్తలేదు. పధ్నాలుగు నెలలకి ఆర్థికమంత్రీ విదేశాంగమంత్రీ రాజీపడి, అనుకున్నట్టే మాగ్నస్‌ని తేలిగ్గా దింపేశారు. ఆర్థికమంత్రి ప్రధాని అయ్యాడు. ఆ మర్నాడు ఫిలిప్పా షెట్లాండ్‌కి ఫోన్ చేసింది.

"కొత్త ప్రధాని మీ కవరు చేతిలో పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చున్నారు. మరక కేసి చూస్తూ."

"తెరిచాడా?"

"లేదు. ఆయనే వెళ్ళి యంత్రంలో వేసి వచ్చారు. వచ్చాక మీ గురించి అడిగారు, ఎలా ఉన్నారని."

ఆ వేసవిలో ట్రెవర్రో సెలవు పెట్టి, భార్యనీ పిల్లల్నీ తీసుకుని పెద్ద పడవెక్కి షెట్లాండ్ వచ్చాడు. సన్నటి మనిషి, అప్పుడే జుట్టు పలచబడింది. మాగ్నస్ అతన్ని రేవుకి తీసుకెళ్ళి ఎర్ర దీపం చూపించాడు. ఉత్తరంలో ఏముందని ట్రెవర్రో అడగలేదు. అది ఇప్పుడు ఎక్కడా లేదు, ఒక్క ముసలాయన తలలో తప్ప.

ఇంటికొచ్చేసరికి థోరా బల్ల మీద పొగచూరిన చేపలు, బంగాళాదుంపలు, వేడి రొట్టె పెట్టింది. కుర్చీలు ఒకటి తక్కువైంది. ట్రెవర్రో నిలబడే తింటాలెండి అన్నాడు. థోరా గోడవార ఉన్న కుర్చీ దగ్గరికి వెళ్ళి, ఏప్రన్ అంచుతో దుమ్ము తుడిచి, బల్ల దగ్గరికి లాగింది.

"కూర్చో నాయనా," అంది. "అది ఖాళీదే."

మాగ్నస్ తల పైకెత్తలేదు. ట్రెవర్రో కూర్చున్నాడు. చిన్నపిల్ల తండ్రి ఒళ్ళోకి ఎక్కి అతని పళ్ళెంలోంచి చేపముక్క తీసుకుంది. థోరా ఆ పళ్ళెంలో ఇంకో చేప వేసింది.